ఎడమకాలి ఇనపచెప్పు

వెల్డా ఉల్రీ ముక్కాలిపీటను ఆ పసుపు చొక్కా అబ్బాయి చేత్తో తీయలేదు. బూటుకాలితో పక్కకి నెట్టాడు. నాకు కోపం తెప్పించిన మొదటి సంగతి అదే. మిగతావన్నీ తర్వాత వచ్చాయి. చేతిలో రేడియో తప్ప బరువేమీ లేదు, వంగితే నడుం పట్టేసే వయసూ కాదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి చూస్తుండగా ఆమె కూర్చునే పీటను కాలితో తోశాడు. పీట పల్టీ కొట్టి మూడు కాళ్ళూ ఆకాశానికి చూపించింది.

"మేడమ్, ఇక్కడ కూర్చోడానికి లేదు. కంచెకి అవతలికి వెళ్ళాలి" అన్నాడు.

వెల్డా అప్పుడే ట్రక్కు దిగి వచ్చి పీట వేసుకుంది. చంకలో గోనెసంచి, నడుముకి ఎప్పుడూ కట్టుకునే పొడుగు తువ్వాలు. "నేను రైడర్లకి చెప్పులు కట్టేదాన్ని బాబూ" అంది.

"చెప్పులు కంపెనీవాళ్ళే ఇస్తున్నారు మేడమ్ ఇప్పుడు."

"ఇవ్వనీ. కట్టేదెవరు?"

"ఎవరిది వాళ్ళు కట్టుకుంటారు."

"ఆ గ్లౌజులతోనా?" అని వెల్డా నవ్వింది. ఆ అబ్బాయి నవ్వలేదు. మెడలో వేలాడే బిళ్ళ చూపించి, ఇది ఉన్నవాళ్ళే లోపల ఉండాలన్నాడు. బిళ్ళ మీద బ్రెట్ అని పేరుంది. మట్టి బాట మీద మోటారుసైకిళ్ళు తోలే ఈ మట్టి పందేలను ఈ ఏడు కొత్తగా గుత్తకు తీసుకున్న సంస్థ అతన్ని పంపింది. మా కెల్లర్స్ ఫోర్డ్ ఊరి తిరనాళ్ళ మైదానంలో గుర్రప్పందేల బాట చుట్టూ, రైడర్లు బళ్ళు సిద్ధం చేసుకునే పిట్ చుట్టూ, నా తల కన్నా ఎత్తుగా ఇనప తీగల కంచె అప్పటికే లేచింది. గేటుకి గొలుసు, గొలుసుకి తాళం.

నేను ఆ పక్కనే సంఘపు ఆడవాళ్ళ బల్ల దగ్గర పై అనే తీపి వంటకాన్ని ముక్కలు కోస్తున్నాను. తిరనాళ్ళలో మా బ్రెదరెన్ చర్చి సంఘం పెట్టే బల్ల అది. కోడికూర నూడుల్స్, బంగాళాదుంప ముద్ద, చక్కెరమీగడ పై. కత్తి చేతిలో ఉండగా కోపం రాకూడదని మా అమ్మ చెప్పేది. కత్తి పక్కన పెట్టేశాను.

మట్టి పందెం చూడని వాళ్ళకి వెల్డా పని ఏమిటో తెలియదు. ఈ పందెంలో మలుపులన్నీ ఎడమకే. బండి వేగంగా మలుపులోకి రాగానే వెనక చక్రం పక్కకి జారుతుంది. జారాలి కూడా. బండి అలా ఒరిగి జారుతుంటే రైడరు ఎడమకాలు నేలకి ఆనించి, కాలి మీద కొంత బరువు మోపి మలుపు తిరుగుతాడు. ఉత్త బూటుతో ఆనిస్తే నేల పట్టేసి మోకాలు మెలిపడుతుంది. అందుకని ఎడమ బూటు కింద ఇనపచెప్పు. అది నేల మీద నున్నగా పాకుతుంది. వెల్డా పాత కారు బంపరు ముక్క కోసి, ఆ మనిషి బూటు అడుగుకి తగినట్టు వంచి, అరిగేచోట గట్టి లోహం కరిగించి పోసి, తోలుపట్టీ బిగించి ఇస్తుంది. రెండుకాళ్ళ జతగా ఎవరికీ చెయ్యదు, కుడికాలికి పనిలేదు. వెల్డింగ్ చేసే వెల్డా అని మా ఊళ్ళో చిన్నప్పటి నుంచి ఆమెని ఏడిపించేవాళ్ళున్నారు. "మా అమ్మానాన్నలు ముందుచూపున్న మనుషులు" అంటుంది తను.

పందెం రోజున గేటు పక్కన గుర్రాలపాక చూరు కింద పీట వేసుకు కూర్చుంటుంది. రైడరు వచ్చి ఎడమకాలు ఆమె ఒళ్ళో పెడతాడు. తోలు దుస్తులు బిగుతు, గ్లౌజులు మందం, ఎవరికి వాళ్ళు వంగి పట్టీ బిగించుకోవాలంటే కష్టమే. కానీ వాళ్ళు వచ్చేది అందుకొక్కందుకే కాదని నాకెప్పుడూ అనిపించేది. పట్టీ కట్టి, మడమ మీద అరచేత్తో చిన్నగా చరిచి, "వెళ్ళిరా నాన్నా" అంటుంది. వాళ్ళు టంగు టంగుమంటూ కుంటినడకతో బళ్ళ దగ్గరికి పోతారు. సాయంత్రం పెద్ద పందెం గెలిచినవాడు ఆమె పీట ఎత్తి ట్రక్కులో పెట్టాలి. అది ఆనవాయితీ. ఎంత గొప్ప రైడరైనా సరే. కప్పు ఒక చంకలో, పీట ఇంకో చంకలో పెట్టుకుని నడిచిన మనుషుల్ని నేను చూశాను.

ఆ చోటు వెల్డాకి ఎలా వచ్చిందో చెబితేగాని నా కోపం మీకు అర్థం కాదు. ఆమె పెనిమిటి హోబార్ట్ పందుల మేత తోలే ట్రక్కులోనే పందెపు బండి తెచ్చుకునేవాడు. ఆ రోజుల్లో పిట్‌లోకి ఆడవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. నియమం అంటే నియమం. ఆయన చెప్పు కట్టడానికి వెల్డాయే కావాలి. అప్పట్లో అక్కడ చెక్క కంచె ఉండేది. హోబార్ట్ లోపల నిలబడి, కమ్మీల సందులోంచి ఎడమకాలు బయటికి పెట్టేవాడు. వెల్డా బయట గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని కట్టేది. చూసి నవ్విన రైడర్లే తర్వాత వరస కట్టి తమ కాళ్ళూ కమ్మీల్లోంచి పెట్టారు. అలా కొన్నేళ్ళు గడిచాక, మా ఊరి ముసలి గేటుమనిషి ఒకాయన "ఏవమ్మా వెల్డా, ఆ గడ్డిలో పాములుంటాయి, లోపలికొచ్చి కూచో" అని గేటు తీశాడు. ఎవర్నీ అడగలేదు, ఎక్కడా రాయలేదు. హోబార్ట్ గుండెజబ్బుతో పోయినా ఆ చోటు ఆమెదే. ఆ గేటు ఒకసారి తీశాక మళ్ళీ వేస్తారని ఎవరం అనుకోలేదు.

రైడర్లు మారిపోయారని పెద్దవాళ్ళు గొణుగుతుంటారు. నేను పాతదంతా బంగారమనేదాన్ని కాను. ఆ రోజుల్లో బళ్ళకి బ్రేకులే ఉండేవి కావు. మలుపు దగ్గర గడ్డిమోపులు, వాటి వెనక కొయ్య గుంజలు. ఆ గుంజలకి కొడుకుల్ని పోగొట్టుకుని, నాతో కలిసి ప్రార్థన చేసిన తల్లుల పేర్లు ఇప్పటికీ చెప్పగలను. ఇప్పుడు గాలి నింపిన మెత్తలు కట్టారు, పడితే ఉబ్బే దుస్తులొచ్చాయి. అందుకు దేవునికి స్తోత్రం. పిట్‌లోకే రానివ్వని ఆడపిల్లలు మగవాళ్ళతో సమానంగా పందెంలో తిరుగుతున్నారు. అందుకు రెండు స్తోత్రాలు. కానీ ఆ రోజుల్లో వాళ్ళు గుర్రాలపాకలో ఎండుగడ్డి మీద పడుకునేవాళ్ళు, మా ఇళ్ళల్లో స్నానాలు చేసేవాళ్ళు. ఒకడి గొలుసు తెగితే వాడితో పోటీపడేవాడే తన గొలుసు విప్పి ఇచ్చేవాడు. ఇప్పుడు వాళ్ళొచ్చే బండి మా చర్చికన్నా పొడుగు. నాలుగో ఏటి నుంచే నేర్పిస్తారట. ఏం తినాలో, ఎవరితో ఏం మాట్లాడాలో, ఏ టోపీ పెట్టుకోవాలో అంతా కాగితం మీద రాసుకున్న ఒప్పందం. పిల్లలు చెడ్డవాళ్ళు కారు. కంచె వాళ్ళు కట్టలేదు. కానీ ఆ కంచెలోనే పెరుగుతున్నారు, ఇవతల ఎవరున్నారో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

ఆ రోజు వెల్డా గోనెసంచిలో ఒకటే చెప్పుంది. మారెన్ స్ట్రౌడ్ అనే అమ్మాయిది. మారెన్ తాత డ్వేన్, హోబార్ట్‌కి ఎదురు పందెగాడు, ఎదురింటి మనిషి కూడా. ఈ అమ్మాయి ఇప్పుడు పెద్ద పందేల్లో పేరు తెచ్చుకుంది, ఓ కంపెనీ జట్టులో చేరింది. కిందటేడు పాత బూటు వెల్డా దగ్గర వదిలి, "మామ్మా, వచ్చే ఆగస్టుకి నాకో చెప్పు. మా తాతకి చేసినట్టే" అంది. వెల్డా చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి. చలికాలమంతా పెరటి కొట్టంలో కూర్చుని, వణుకు తగ్గిన పూటల్లో కొంచెం కొంచెంగా చేసింది. "ఇదే ఆఖరిది లోయిస్. ఇక నా వల్ల కాదు" అని నాతో చెప్పింది. "దాని కాలికి నా చేత్తో కట్టి పంపితే చాలు."

అంతకన్నా ఏమీ కోరలేదు ఆమె. గేటు పక్కన పీట, ఒళ్ళో ఓ కాలు.

బ్రెట్ పీటని తీసుకుపోయి లోపల ప్రకటనలు చేసేవాళ్ళ మెట్ల కింద పెట్టాడు. దారికి అడ్డమట. "సాయంత్రం పట్టుకెళ్ళండి మేడమ్" అన్నాడు. మాట మర్యాదగానే ఉంది. మర్యాదగా మాట్లాడే మనిషి మీద గొంతు పెంచడం కష్టం. అందుకే ఇంకా మండింది నాకు.

వెల్డాని మా బల్ల వెనక కూర్చోబెట్టి పై ముక్క ఇచ్చాను. ముట్టుకోలేదు. కంచె వైపే చూస్తోంది. లోపల రైడర్లు తిరుగుతున్నారు. ఇద్దరు ముగ్గురు పాతవాళ్ళు దూరం నుంచి చెయ్యెత్తి, చేతులు తిప్పి, ఏం చెయ్యమంటావన్నట్టు ముఖం పెట్టారు.

"ఇదేం అన్యాయమే" అన్నాను. "నీ చోటు నీకు లేకుండా."

"నా చోటని ఎక్కడుంది? హోబార్ట్ కాలు ఎక్కడుంటే అదీ నా చోటు. అతనే లేడు."

"మాటలకేం. తినవేం మరి?"

"తింటాలే. నువ్వు చక్కెర తక్కువ వేశావు, అందుకే ఆలోచిస్తున్నా."

మొదటి చిన్న పందెంలో మారెన్ వచ్చింది. కంపెనీవాళ్ళ చెప్పు వేసుకుంది. తేలిక లోహం, పట్టీ బదులు పళ్ళున్న బిగింపు. చూడ్డానికి నగలా ఉంది. మూడో మలుపులో బంకమట్టి ఆ పళ్ళల్లో ఇరుక్కుందో ఏమో, బిగింపు ఊడి చెప్పు ఎగిరిపోయింది. కాలు నేలకి పట్టేసింది. బండి ఊగింది. ఎలాగో నిలదొక్కుకుని చివర్లో దాటింది. పెద్ద పందెంలోకి ఆఖరు చోటు దొరికింది.

కాసేపటికి కంచె దగ్గరికి వచ్చింది, ఎడమకాలు ఈడుస్తూ. మొహమంతా ఎర్రమట్టి, కళ్ళ చుట్టూ మాత్రం తెల్లగా.

"మామ్మా, నువ్వు బయట ఉన్నావేంటి?"

"బయటుంటే గాలి బాగుందే. కాలు ఏమైంది?"

"బెణికినట్టుంది. వాళ్ళ దగ్గర ఇంకోటుంది కానీ అదీ అలాంటిదే. నాది చేశావా?"

వెల్డా సంచిలోంచి తీసింది. ఎండకి తళుక్కుమంది. మారెన్ తీగల మీద నుదురు ఆనించి చూసింది. "లోపలికి రా మామ్మా, కట్టు."

"రానివ్వరే."

"నన్నూ బయటికి రానివ్వరు. పందేనికి పిలిచేశాక పిట్ దాటితే పందెం పోయినట్టే." కంచెని పైనుంచి కిందిదాకా చూసి, "ఇంకొకరి సరుకు వాడకూడదని కూడా రాశారు ఒప్పందంలో. కాలి కింద ఏముందో కెమెరాకి కనపడదులే" అంది.

చెప్పు నేను విసిరాను. కంచె మీదుగా వెళ్ళి అవతల గంటకొట్టినట్టు పడింది. ఇక కట్టడం ఎలా. గుర్రాలపాక చివర నేల పల్లంగా ఉండి కంచె అడుగున కుక్క దూరేంత సందుంది. మారెన్ ఆ చెప్పు తీసుకుని అక్కడికి నడిచి, నేల మీద కూలబడి, చెప్పు ఇవతలికి తోసి, ఎడమకాలు ఆ సందులోంచి చాపింది.

వెల్డా మోకాళ్ళ మీద కూర్చుంది. పీట లేదు, గడ్డి లేదు, ఉత్త కంకర. కూర్చునేటప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన చిన్న మూలుగు నేనొక్కదాన్నే విన్నాను. బూటుకంటిన మట్టి తువ్వాలుతో తుడిచి, కాలు ఒళ్ళోకి తీసుకుని, చెప్పు తొడిగి పట్టీ బిగిస్తోంది. చేతులు వణుకుతున్నాయి. ముడి జారుతోంది. మళ్ళీ వేస్తోంది. మారెన్ తొందరపెట్టలేదు. లోపల మైకులో తన పేరు పిలుస్తున్నా కదల్లేదు.

ఏడాదికి రెండుసార్లు మా సంఘంలో ప్రేమవిందు జరుగుతుంది. ప్రభువు చేసినట్టే ఒకరి పాదాలు ఒకరు కడిగి, తువ్వాలుతో తుడుస్తాం. నేను పుట్టిన దగ్గరనుంచీ చూస్తున్నాను. ఆ కంకర మీద చూసినంత స్పష్టంగా చర్చిలో ఎప్పుడూ చూడలేదు. అందుకే, సరిగ్గా అప్పుడు "మేడమ్, మేడమ్" అంటూ బ్రెట్ కంచె లోపలినుంచి రావడం నేను భరించలేకపోయాను.

"కంచె కిందనుంచి కాళ్ళు పెట్టకూడదు. ప్రమాదం."

"బాబూ" అన్నాను. "ఆమె పీట నువ్వు పట్టుకుపోయావు. ఆమె చోటు పట్టుకుపోయావు. ఇప్పుడు ఆమె మోకాళ్ళ కింద కంకర కూడా నీదేనా?"

"నేను పెట్టిన రూల్స్ కావు మేడమ్."

"నీ కాళ్ళు నీవే కదా. పీటని తన్నింది అవే."

ఆ మాట అన్నాక చుట్టూ ఉన్నవాళ్ళు కొందరు తలలు తిప్పారు. బ్రెట్ మొహం కందిపోయింది. వెల్డా మాత్రం ముడి పూర్తిచేసి, మడమ మీద చిన్నగా చరిచి, "వెళ్ళిరా అమ్మా" అంది. మారెన్ లేచి టంగు టంగుమంటూ పరుగులాంటి కుంటినడకతో పోయింది. అప్పుడు వెల్డా తీగల్లోంచి బ్రెట్ బూట్లు చూసింది.

"కుడికాలేనా?"

"ఏంటండీ?"

"మడమ కొట్టుకుపోయింది కదూ. పొద్దుటినుంచీ చూస్తున్నా. కొత్త బూట్లు వేసుకుని ఇంత నేల తిరిగితే పోదూ."

అతను కుడికాలు వెనక్కి లాక్కున్నాడు. "పరవాలేదు మేడమ్."

"ఏం పరవాలేదు, మేజోడు రక్తమైంది. ఆ పీట తెచ్చుకో."

నిజంగా తెచ్చుకున్నాడు. మెట్ల కిందనుంచి వెల్డా పీట తెచ్చి, కంచె పక్కన వేసుకుని, దాని మీద తనే కూర్చున్నాడు. బూటు విప్పి, నియమం ప్రకారం పెట్టకూడని కాలు కంచె కిందనుంచి ఇవతలికి పెట్టాడు. వెల్డా నా వైపు చూసింది. ఆ చూపు అర్థమయ్యీ కానట్టు నటించాను.

"నీళ్ళు, లోయిస్."

"నిమ్మరసం ఉంది, పొయ్యనా?"

"లోయిస్."

తెచ్చాను. మంచి నీళ్ళే తెచ్చాను, శుభ్రమైన గిన్నెలోనే. వెల్డా పాదం కడిగి, తువ్వాలుతో తడి ఒత్తి, పుండు మీద మందు అద్ది, గుడ్డపట్టీ అంటించింది. అతను తల వంచుకుని కూర్చున్నాడు. పెద్ద వయసేం కాదు, మా పెద్ద మేనల్లుడంత ఉంటాడు. మెడ వెనక ఎండకి కాలి తోలు ఊడుతోంది. అది చూసి నాకు కొంచెం మనసు మెత్తబడబోయింది కూడా.

"థాంక్యూ మేడమ్" అన్నాడు. బూటు తొడుక్కున్నాడు, లేచాడు. లేచి పీట ఎత్తుకుని మళ్ళీ మెట్ల కింద పెట్టేశాడు.

వెల్డా కంకర మీదే ఉంది. తీగలు పట్టుకుని లేవబోతుంటే నేను చంకల కింద చేతులు వేసి లేపాను. మోకాళ్ళ దగ్గర మేజోళ్ళు చిరిగి, రాళ్ళు గుచ్చుకున్న గుర్తులు. "చూశావా" అన్నాను. 

"చూశాను. కుంటకుండా నడుస్తున్నాడు" అంది వెల్డా.

పెద్ద పందెంలో మారెన్ ఆఖర్నుంచి మొదలెట్టి రెండో చోటుకి వచ్చింది. మలుపు మలుపుకీ ఎడమకాలు నేల మీద పాకి, వెనక సన్నని ధూళితోక లేచేది. వెల్డా బండిని చూడలేదు, ఆ ధూళినే చూసింది. గెలిచింది మరో అబ్బాయి, దక్షిణాది వాడు, మా మైదానానికి కొత్త. మారెన్ హెల్మెట్ తీసి అతని దగ్గరికి వెళ్ళడం, మెట్ల కింద పీటని చూపించడం కంచె ఇవతలినుంచి కనిపించింది. దగ్గరే కాబట్టి వినపడింది కూడా.

"అది నువ్వు మొయ్యాలి."

"ఏది?"

"పీట. గెలిచినవాడు మోస్తాడిక్కడ."

అతను నవ్వాడు. వెక్కిరింత కాదు. తనతో పరాచికాలాడుతోందనుకున్నాడు. ఈలోగా ఎవరో వచ్చి తలమీద టోపీ మార్చి, ఎత్తు వేదిక ఎక్కించారు. ఒక టోపీ తీసి ఇంకోటి, అది తీసి మరోటి. ఒక్కో టోపీకి ఒక్కో కంపెనీకి కృతజ్ఞతలు. పీట సంగతి అతనికి ఎవరు చెప్పాలి? గుర్రాలపాకలో పడుకుని ఉంటే రాత్రికి ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు.

చివరికి మారెన్ పీటని నెత్తికన్నా పైకెత్తి కంచె మీదుగా నాకు అందించింది. ఒక కాలు తీగకి తగులుకుంటే ఊపి వదిలించింది. "సారీ మామ్మా. నేను గెలిచుంటే గేటు దాటుకుని వచ్చేదాన్ని, ఎవడాపుతాడో చూద్దును" అంది. జట్టువాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయింది.

ఆ అక్టోబరులో ప్రేమవిందు రోజు వెల్డా, నేను పక్కపక్కన కూర్చున్నాం. నా పాదాలు కడగడానికి ఆమె మోకాళ్ళ మీదికి వంగలేకపోయింది. కుర్చీలో కూర్చునే కడిగింది. నా వంతు వచ్చినప్పుడు ఆమె ఎడమపాదం చేతుల్లోకి తీసుకున్నాను. "నాకింకా కోపం పోలేదు" అని మెల్లగా చెప్పాను. అలాంటప్పుడు చెప్పాల్సిన మాట కాదు, కానీ అబద్ధంతో కడగడం అంతకన్నా తప్పు.

"ఎవరిమీద?"

"వాడి మీద. గేటు మీద. వాడి పుండు కడిగినందుకు నీ మీద కూడా."

"సబ్బు బాగా రుద్దు" అంది. "కోపానికి కాస్త పనుంటుంది."

మళ్ళీ ఆగస్టు వచ్చింది. వెల్డా రానంటుందనుకున్నాను. చేతులు పూర్తిగా ఆగిపోయాయి, కొత్త చెప్పు ఒక్కటీ చెయ్యలేదు. అయినా తువ్వాలు కట్టుకుని ట్రక్కు దిగింది, పీటతో సహా. గేటుకి అదే గొలుసు. కానీ గుర్రాలపాక దగ్గర, మోకాలి ఎత్తున, కంచె తీగలు కత్తిరించి ఓ చదరపు కన్నం పెట్టి ఉంది. చుట్టూ తీగమొనలు వెనక్కి మడిచి, చేతికి గీరుకోకుండా పాత రబ్బరుగొట్టం చీల్చి తొడిగారు. దాని ఎదురుగా ఇవతల, పీట పట్టేంత మేర కంకర తీసి గడ్డి పరిచారు.

బ్రెట్ అక్కడే నిలబడి రేడియోలో ఏదో వింటున్నాడు. బూట్లు పాతబడ్డాయి.

"ఇది నీ పనేనా?" అన్నాను.

"కన్నం పెట్టమని రూల్స్‌లో లేదండీ" అన్నాడు. "పెట్టకూడదనీ లేదు. చూశాను."

"గేటు ఇక్కడికి పట్టుమని పదడుగులు లేదు. తాళం తీస్తే పోయేదానికి తీగలు కోశావా?"

"గేటు నా చేతిలో లేదు మేడమ్. కంచె బాగోగులే నావి."

 ఆ మాటలో అతని మంచితనం ఎంత ఉందో, ఆ సంస్థ పొగరు అంతకి పదింతలు ఉంది. వీపు గోకినందుకు మెడమీద కాలు మరిచిపొమ్మన్నట్టుంది. నేనా కన్నానికి థాంక్స్ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పను. పై ముక్క ఒకటి మాత్రం కాగితంలో చుట్టి అందులోంచి అందించాను. పొద్దుటినుంచి తిండి లేనట్టుంది మొహం.

వెల్డాకి ఇవేవీ పట్టలేదు. గడ్డి మీద పీట వేసుకు కూర్చుని, కన్నం అంచుల మీద వేళ్ళు పోనిస్తోంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి కంగారుపడ్డాను.

"ఏమైందే?"

"సరిగ్గా ఈ ఎత్తే" అంది. "హోబార్ట్ కాలు పెట్టే కమ్మీ."

పెళ్ళైన కొత్తలో ఆ మనిషి కోసం గడ్డిలో కూర్చున్న పిల్లే మళ్ళీ అక్కడ కూర్చుంది. ఆమెకది తిరిగి దొరకడం. నాకు మాత్రం, ఇన్నేళ్ళూ ముందుకు నడిచి మళ్ళీ బయట గడ్డిలోకే వచ్చి పడడం. ఇద్దరం ఒకే కన్నాన్ని చూస్తున్నాం.

మారెన్ అందరికన్నా ముందు వచ్చి, పాత చెప్పే తొడుక్కుని, కాలు కన్నంలోంచి పెట్టింది. వెల్డా వేళ్ళు ముడి వెయ్యలేకపోతే నేను పక్కన కూర్చుని పట్టీ లాగాను, ఆమె మడమ చరిచింది. తర్వాత పాతవాళ్ళు వచ్చారు. కిందటేడు గెలిచిన దక్షిణాది అబ్బాయి కూడా వచ్చి, అందరూ పెడుతున్నారు కదా అన్నట్టు కాలు పెట్టి, "ఇదేంటి, అదృష్టం కోసమా?" అని అడిగాడు.

"కాదు, పట్టీ ఊడకుండా" అంది వెల్డా.

ఆ సాయంత్రం మారెన్ గెలిచింది. మేం లేచి నిలబడి చూశాం. వేదిక దిగి, మెడలో దండతో నేరుగా గేటు దగ్గరికి నడిచింది. గొలుసు పట్టుకుని ఊపింది. కాపలావాడు చేతులు చాచి ఏదో చెప్పాడు. కెమెరాలవాళ్ళు వెనకనుంచి పిలుస్తున్నారు. మారెన్ ఇటు కంచె దగ్గరికి వచ్చింది. పీట ఇవతలుంది, తను అవతలుంది. కన్నంలోంచి కాలు పడుతుంది గానీ పీట పట్టదు, మనిషీ పట్టదు. చెయ్యి పెట్టి పీట అంచుని ఓసారి ముట్టుకుంది.

"వచ్చే ఏడు మామ్మా" అంది.

"సరేనమ్మా" అంది వెల్డా.

పీట నేనే ఎత్తాను. బరువే, గట్టి ఓక్ చెక్క. గేటు ముందునుంచే, ఆ తాళం ముందునుంచే, కావాలని నెమ్మదిగా నడిచాను. వెల్డా తువ్వాలు విప్పి మడత పెట్టుకుంటూ నా వెనకే వస్తోంది.

"ఏం గెలిచావే లోయిస్, నా పీట మోస్తున్నావు?" అంది.

 ట్రక్కు వెనక తలుపు దించి, పీటని మూడు కాళ్ళ మీదా నిలబెట్టి, జారిపోకుండా తాడుతో కట్టాను.